ఆరో ఏట వచ్చే పన్ను



ఈ నెల చీమల సంగతి చెబుతానన్నాను, జ్ఞాపకం ఉన్నది. కాని చీమలు ఒక నెల ఆగాలి. ఎందుకంటే సంక్రాంతినాడు మా యింట్లో ఒక పన్ను మాట వచ్చింది. అది మీరందరూ, ముఖ్యంగా మీలో ఐదేళ్ళకూ ఎనిమిదేళ్ళకూ మధ్య తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్నవాళ్ళు, వెంటనే తెలుసుకోవలసిన సంగతి.

పండుగకు మా చెల్లెలు పిల్లలిద్దరినీ తీసుకుని వచ్చింది. పెద్దవాడికి తొమ్మిదేళ్ళు. చిన్నదాన్ని చిట్టి అంటాం, దానికి ఆరేళ్ళు నిండి నాలుగు నెలలయింది. మా అమ్మ అరిసెలు వండి పళ్ళెంలో పెట్టింది. చిట్టి రెండు తిని మూడోదానికి చెయ్యి చాచింది. పెద్దవాడు మాత్రం ఒక్కటి పట్టుకుని, కుడివైపునే పెట్టుకుని, ముసలివాడిలాగా మెల్లగా నములుతున్నాడు.

"ఏమిరా, అరిసె అంత గట్టిగా ఉన్నదా?" అన్నాను.

"ఎడమవైపు నొప్పి, మామయ్యా," అన్నాడు.

"అదేం లేదన్నయ్యా," అన్నది మా చెల్లెలు. "పాలపన్ను పుచ్చింది. ఎలాగూ ఊడిపోయేదే గదా అని ఊరుకున్నాను."

నేను టార్చిలైటు తెచ్చి, వాణ్ణి వెలుతురులోకి పిలిచి నోరు తెరిపించాను. కింది దవడ, ఎడమవైపు. ముందుపళ్ళ మధ్యగీత దగ్గర మొదలుపెట్టి వెనక్కు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆరో పన్ను నడుమ నల్లటి గుంట. పెసరగింజ పట్టేటంత ఉన్నది.

"ఇది పాలపన్ను కాదమ్మా," అన్నాను. "ఇది ఊడితే మళ్ళీ రాదు."

చెల్లెలు కాసేపు మాట్లాడలేదు. "ఇది ఎప్పుడు వచ్చిందో కూడా నాకు తెలియదన్నయ్యా," అన్నది చివరకు.

తల్లులు కూడా ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు. అందుకని చెబుతున్నాను, మా చెల్లెలి తప్పేమీ లేదు. ఆ పన్ను వచ్చే తీరే అటువంటిది.

మీ ముందుపన్ను ఊడినప్పుడు ఎంత హడావుడి! నాలుకతో కదిలిస్తారు, దారం కట్టి లాగుతారు, పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసురుతారు. కొత్తది ఎప్పుడు వస్తుందా అని రోజూ అద్దంలో చూసుకుంటారు. పాలపళ్ళు మొత్తం ఇరవై. పైన పది, కింద పది. వాటి చోట కొత్తవి వస్తాయని అందరికీ తెలుసు. కాని ఆరో పన్ను ఎవరి చోటా తీసుకోదు. పాలపళ్ళన్నీ అయిపోయాక, వాటి వెనక, దవడ పెరిగి ఖాళీ అయిన చోట, ఇగురు చీల్చుకుని నెమ్మదిగా పైకి వస్తుంది. ముందు ఏ పన్నూ ఊడదు, నెత్తురు రాదు, పేడముద్ద అక్కర్లేదు. సుమారు ఆరేళ్ళ వయస్సులో ఇట్లా నాలుగు వస్తాయి. కింద రెండు, పైన రెండు. చాలామందికి కిందవి ముందు వస్తాయి. నోట్లో పాలపళ్ళు నిండుగా ఉన్న రోజుల్లో వస్తాయి గనుక, ఇవీ పాలపళ్ళే అనుకుంటారు.

నిజానికి ఇవి జీవితమంతా మనకు అన్నం నమిలిపెట్టవలసిన పళ్ళు. నమిలే పళ్ళలో పెద్దవి, బలమైనవి ఇవే. మీకు అరవై ఏళ్ళు వచ్చినప్పుడు మీ నోట్లో ఉండవలసింది కూడా ఆ పన్నే.

అయితే ఇంత బలమైన పన్ను మూడేళ్ళు తిరగకుండానే ఎలా పుచ్చింది? అదే మావాడూ అడిగాడు. "రోజూ పొద్దున్నే తోముకుంటూనే ఉన్నాను గదా మామయ్యా!"

మీరు అద్దం ముందుకు వెళ్ళి, నోరు బాగా తెరిచి, కింది వెనకపన్ను మీద వెలుతురు పడేటట్టు చూడండి. ముందుపన్ను నున్నగా పలకలాగా ఉంటుంది. వెనకపన్ను అట్లా ఉండదు. దానిమీద గుట్టలూ లోయలూ ఉంటాయి. గుట్టల మధ్య సన్నటి గాడులు ఉంటాయి. పైనుంచి చూస్తే గీతలలాగా కనిపిస్తాయి గాని, కొన్ని చాలా లోతైనవి. వాటి మూతి ఎంత సన్నమంటే, బ్రష్షులోని ఒక్క పోగు కూడా లోపలికి దూరదు. వేపపుల్ల పీచు అయినా అంతే. మావాడు రోజూ తోమినమాట నిజమే. గుట్టలు తోమాడు. గాడులు ఎవరు తోమినా తోమబడవు!

ఆ గాడులలో ఏముంటుంది? తిన్న బిస్కెట్టు పిండి ఉంటుంది, జీడిపాకం ఉంటుంది, వాటిని తినటానికి కాచుకుని కూర్చున్న సూక్ష్మజీవులుంటాయి.

నా చిన్నతనంలో వీధుల వెంట కొందరు ఆడవాళ్ళు "పళ్ళలో పురుగులు తీస్తాం" అని కేకవేస్తూ వచ్చేవాళ్ళు. చెవి దగ్గర ఏదో ఊది, దూదిమీద తెల్లని పురుగు ఒకటి చూపించి, బియ్యమో డబ్బులో పుచ్చుకుని వెళ్ళేవాళ్ళు. అది చేతివాటం. పిప్పిపన్నులో అటువంటి పురుగు ఎప్పుడూ లేదు. కాని కంటికి కనిపించని ప్రాణులు ఉన్నమాట మాత్రం నిజం. 1683లో హాలెండు దేశంలోని డెల్ఫ్ట్ పట్నంలో ఆంటనీ లీవెన్‌హుక్ అనే గుడ్డల వర్తకుడు తన పళ్ళ మీది తెల్లటి పాచి గీకి, తాను చేసుకున్న భూతద్దం కింద పెట్టి చూశాడు. అందులో చిన్న చిన్న ప్రాణులు గిరగిరా తిరుగుతూ కనిపించినాయి. ఆ సంగతి లండనులోని రాయల్ సొసైటీకి జాబు రాశాడు. పళ్ళు పుచ్చటానికీ వాటికీ సంబంధం ఉన్నదని ఆయనకు తోచలేదు. అది తేలటానికి ఇంకా రెండువందల ఏళ్ళు పట్టింది. బెర్లినులో పనిచేసిన మిల్లర్ అనే అమెరికను దంతవైద్యుడు ఊడిన పళ్ళను రొట్టె, ఉమ్మి కలిపినదానిలో వెచ్చగా ఉంచి చూశాడు. పళ్ళు మెత్తబడ్డాయి. సూక్ష్మజీవులు పన్నును కొరకటం లేదనీ, అవి పిండినీ చక్కెరనూ తిని ఆమ్లం విడుస్తున్నాయనీ, ఆ ఆమ్లమే పన్నును కరిగిస్తున్నదనీ ఆయన 1890లో పుస్తకం రాశాడు. 1924లో లండనులో క్లార్క్ అనే ఆయన పుచ్చుపళ్ళలోంచి ఒక సూక్ష్మజీవిని వేరుచేసి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అని పేరు పెట్టాడు. ఈ పనిలో ముఖ్యమైన దొంగలలో అదొకటి.

పన్ను మీది పింగాణి పొర మన శరీరం మొత్తంలో అన్నిటికంటె గట్టి పదార్థం. ఎముక కంటె కూడా గట్టిది. అయితే అది ఆమ్లానికి తట్టుకోలేదు. పుల్లమజ్జిగకు ఉన్నంత పులుపు కూడా అక్కర్లేదు, అంతకంటె తక్కువకే కరగటం మొదలుపెడుతుంది. (మజ్జిగ తాగటం మానకండి! అందులో కాల్షియం ఉన్నది, మజ్జిగవల్ల పళ్ళు పుచ్చవు.) మనం తిన్న తరవాత అరగంటో ఇంకొంచెం సేపో నోట్లో ఆ ఆమ్లం ఉంటుంది. ఆ తరవాత ఉమ్మి వచ్చి దాన్ని కడిగి, కరిగిన చోట్ల తిరిగి కొంత పూడుస్తుంది. ఈ కరగటం, పూడటం రోజూ జరుగుతూనే ఉంటాయి. ఒక్కసారి కూర్చుని నాలుగు జీళ్ళు తిన్నవాడికంటె, ఆ నాలుగే గంటకొకటి చొప్పున సాయంత్రం దాకా చప్పరించినవాడి పళ్ళు ఎక్కువ చెడటానికి కారణం అదే. పూడటానికి వాడు వ్యవధి ఇవ్వడు. గాడి అడుగునైతే ఉమ్మి కూడా సరిగా పోలేదు. అక్కడ కరగటమే గాని పూడటం తక్కువ.

పైగా కొత్తగా వచ్చిన పన్ను పింగాణి ఇంకా లేతగా ఉంటుంది. సగమే పైకి వచ్చినప్పుడు మిగతా పళ్ళ కంటె పల్లంగా ఉంటుంది గనుక బ్రష్షు దానిమీదుగా దాటిపోతుంది. వచ్చిన మొదటి రెండు మూడేళ్ళే ఎక్కువ ప్రమాదం.

మరి ఆ గాడిని ముందే మూసేస్తే?

ఆ ఆలోచన డాక్టర్లకు రాకపోలేదు. 1923లో అమెరికాలో హయట్ అనే దంతవైద్యుడు ఒక మార్గం చెప్పాడు. పన్ను పుచ్చక ముందే ఆ గాడిని మరతో తొలిచి, లోహం నింపెయ్యమన్నాడు. దొంగ ఎలాగూ గోడకు కన్నం వేస్తాడని మనమే ముందు కన్నం వేసి సిమెంటు పెట్టినట్టు! నాకు ఈ పద్ధతి నచ్చదు. బాగున్న పన్నును తొలవటమేమిటని అప్పుడే చాలామంది డాక్టర్లు కూడా అన్నారు. కాని తొలవకుండా పైన ఏదైనా పూస్తే, అది నిలవదు. పన్ను నున్నగా ఉంటుంది, ఎప్పుడూ తడి. ఏ లప్పం పెట్టినా ఊడి వచ్చేది.

ఇక్కడ మీకు కళాయి వేసేవాణ్ణి గుర్తు చెయ్యాలి. ఇప్పుడు వాళ్ళు అరుదైపోయారు, మీ అమ్మమ్మలను అడగండి. ఇత్తడి గిన్నెకు తగరం పూత వెయ్యటానికి వాడు ఊరికే తగరం పులమడు. గిన్నెను కొలిమి మీద కాల్చి, నవాసాగరం చల్లి గుడ్డతో రుద్దుతాడు. గుప్పున తెల్లటి పొగ వస్తుంది. గిన్నె పైభాగం శుభ్రపడుతుంది. అప్పుడు తగరం తాకిస్తే ఒక్క తుడుపుతో అంతటా పరుచుకుంటుంది. నవాసాగరం లేకుండా తగరం అంటదు.

పంటికి కావలసిన నవాసాగరాన్ని కనిపెట్టినవాడు మైకేల్ బ్యువొనొకోర్. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊరున్నది. కొడాక్ కెమెరాల జార్జి ఈస్ట్‌మన్ ఆ ఊరివాడే. ఊళ్ళో పిల్లల పళ్ళకు వైద్యం చేయించటానికి ఆయన డబ్బిచ్చి ఒక దంతవైద్యశాల పెట్టించాడు. బ్యువొనొకోర్ అక్కడ పనిచేసేవాడు. ఇనుప సామాన్లకు రంగు వేసే ముందు ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తే రంగు గట్టిగా పట్టుకుంటుందని ఆయనకు తెలుసు. ఇనుముకు పనికివచ్చింది పంటికెందుకు పనికిరాదు అనుకున్నాడు. మనుషుల ముందుపళ్ళమీదనే ఆమ్లం 30 సెకన్లు ఉంచి, కడిగి, ఆరబెట్టి, దానిమీద ప్లాస్టిక్ వంటి పదార్థం చుక్క పెట్టాడు. ఆమ్లం తాకని పళ్ళమీద కూడా చుక్కలు పెట్టి చూశాడు. ఆమ్లం తాకని పంటి మీది చుక్క కొద్ది గంటల్లోనే ఊడిపోయింది. ఆమ్లం తాకిన పంటి మీది చుక్క వారాల తరబడి అంటుకునే ఉన్నది. ఈ సంగతి ఆయన 1955లో ప్రకటించాడు.

ఎందుకు అంటుకున్నది? ఆమ్లం పింగాణి మీద కంటికి కనిపించని కోట్ల చిన్న గుంటలు చేస్తుంది. నున్నటి నేల గరుకవుతుంది. పోసిన ద్రవం ఆ గుంటల్లోకి వేళ్ళలాగా దిగి అక్కడే గట్టిపడుతుంది. ఇక లాగినా రాదు. చూశారా, పన్నును పాడుచేసే ఆమ్లమే, కొలతప్రకారం అరనిమిషం వాడితే, పన్నును కాపాడటానికి పనికివచ్చింది!

ఆ తరవాత 1967లో బ్యువొనొకోర్, క్వేటో అనే మరొక డాక్టరుతో కలిసి పిల్లల వెనకపళ్ళ గాడులను ఇట్లా మూసి, మూసినవి ఎంత తక్కువగా పుచ్చినాయో చూపించాడు. వాళ్ళు మొదట వాడిన జిగురు నోటి తడికి పాడయిపోయేది. అంతకు ముందే, 1962లో, రాఫెల్ బోవెన్ అనే ఆయన తయారుచేసిన గట్టి రెజిన్ ఆ పనికి అక్కరకు వచ్చింది. 1970 ప్రాంతాల నుంచి వెలుగు తాకిస్తే గట్టిపడే రకాలు వచ్చినాయి. దీన్నే ఇప్పుడు సీలెంట్ అంటారు. కవరుకు లక్క సీలు వేస్తాం గదా, అట్లాంటిదే.

మళ్ళీ మా యింటికి వద్దాం. పండుగ మర్నాటి మర్నాడే మావాణ్ణి దంతవైద్యురాలి దగ్గరికి తీసుకుపోయాను. పుచ్చు నరం దాకా పోయింది. మత్తుసూది వేసి, వేళ్ళలోపల శుభ్రం చేసి, మందు నింపి, పైన తొడుగు పెట్టటానికి నాలుగుసార్లు తిరిగాం. పన్ను దక్కింది. కాని వాడు మొదటి రోజు ఏడిచిన ఏడుపు బయట బల్లమీద కూర్చున్న చిట్టి విన్నది. అందుకని దాని వంతు వచ్చేటప్పటికి అది వాళ్ళమ్మ చీరకుచ్చెళ్ళలో దూరింది.

"సూది లేదు, మర లేదు, నొప్పి అసలే లేదు. నీ పంటికి రంగు వేస్తాను, అంతే," అన్నది డాక్టరుగారు. చిట్టి నమ్మలేదు. అన్న పక్కన నిలబడితేనే నోరు తెరుస్తానన్నది. వాడు నిలబడ్డాడు.

చిట్టికి కింద రెండు ఆరో పళ్ళూ పూర్తిగా పైకి వచ్చినాయి. పైవి ఇంకా సగమే. ముందుగా డాక్టరుగారు పళ్ళను చిన్న బ్రష్షుతో శుభ్రం చేసింది. దూదిచుట్టలు బుగ్గకూ నాలుకకూ పక్కన పెట్టి పంటిని ఆరబెట్టింది. నీలంరంగు జిగురు ఒక చుక్క గాడుల మీద పెట్టింది. అదే ఫాస్ఫారిక్ ఆమ్లం. కొన్ని సెకన్లు ఉంచి నీళ్ళతో కడిగి, గాలి ఊదింది. పన్ను మెరుపు పోయి సుద్దముక్కలాగా తెల్లగా కనిపించింది. "ఇప్పుడు ఉమ్మి తగిలిందంటే మళ్ళీ మొదటికి వస్తుంది, కదలకు చిట్టీ," అన్నది. సగం వచ్చిన పళ్ళకు వెంటనే సీలెంట్ వెయ్యకపోవటానికి కారణం ఇదే. ఇగురు పక్కనే ఉంటే తడి ఆపలేరు. తరవాత తెల్లటి ద్రవం గాడులలోకి జార్చి, పెన్నులాంటి దీపంతో నీలం వెలుగు చూపించింది. చిట్టి గుసగుసగా ఇరవై దాకా లెక్కపెట్టింది. అయిపోయింది! రెండు పళ్ళకూ కలిపి పావుగంట పట్టలేదు.

"ఏదీ, నాలుకతో తాకి చూడు," అన్నాడు అన్న. "నున్నగా ఉన్నదిరా!" అన్నది చిట్టి.

మా చెల్లెలికి మాత్రం ఒక అనుమానం. "ఒకవేళ లోపల సూక్ష్మజీవులు మిగిలి ఉంటే, మూతపెట్టి వాటిని పెంచినట్టు కాదా అండీ?" అని అడిగింది. మంచి ప్రశ్న. మూత సరిగా ఉన్నంతకాలం వాటికి తిండి అందదు. తిండి లేక చాలావరకు చస్తాయి, మిగిలినవి ఆమ్లం చెయ్యలేవు. అప్పుడప్పుడే మొదలైన పుచ్చు పైన సీలెంట్ వేసినా, అది అక్కడే ఆగిపోతుందని పరీక్షలలో తేలింది. మావాడి పంటికి ఉన్నట్టు గుంట పడితే మాత్రం సీలెంట్ చాలదు.

అమెరికా ప్రభుత్వపు ఆరోగ్యశాఖవారు 2016లో చెప్పిన లెక్క ప్రకారం, సీలెంట్ వెనకపళ్ళ పుచ్చులలో నూటికి ఎనభై దాకా రెండేళ్ళపాటు ఆపుతుంది, నాలుగేళ్ళ దాకా సగమయినా ఆపుతుంది. అక్కడ పిల్లలకు వచ్చే పుచ్చులు పదింట తొమ్మిది వెనకపళ్ళలోనేనట. సీలెంట్ కొన్నేళ్ళు ఉంటుంది, ఒక్కొక్కప్పుడు అంచు విరుగుతుంది. ఆరు నెలలకో ఏడాదికో చూపించుకుంటే, ఊడిన చోట మళ్ళీ వేస్తారు. రెండు పళ్ళ మధ్య సందుకు సీలెంట్ అందదు. ఆ పని బ్రష్షుదీ, ఫ్లోరైడు పేస్టుదీ. ఫ్లోరైడు నున్నటి చోట్ల బాగా పనిచేస్తుంది, గాడులలో తక్కువ. చిట్టి వయసువాళ్ళకు బఠాణీ గింజంత పేస్టు చాలు, మింగకూడదు. నల్లగొండ, ప్రకాశం జిల్లాలలోని కొన్ని ఊళ్ళ పిల్లలకు ఫ్లోరైడు పేరు మరో విధంగా తెలుసు. అక్కడి భూగర్భజలంలో అది ఎక్కువై పళ్ళమీద మచ్చలు తెచ్చింది, ఎముకలను కూడా వంచింది. కొంచెం మేలు, ఎక్కువ కీడు చేసే వస్తువులలో అదొకటి. అటువంటి ఊళ్ళవాళ్ళు ఏ పేస్టు వాడాలో డాక్టరును అడిగి వాడటం మంచిది.

డబ్బు సంగతి కూడా కొందరు తండ్రులు ఆలోచిస్తారు. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. దగ్గరవాళ్ళు అక్కడ అడగవచ్చు. అడిగేటప్పుడు "పన్ను నొప్పి" అని కాక "ఆరో పంటికి సీలెంట్" అని అడగండి.

డాక్టరుగారు మావాడి మిగిలిన మూడు ఆరో పళ్ళూ పరీక్షించి, బాగున్నాయని చెప్పి, వాటికీ సీలెంట్ వేసింది. చిట్టి ఈసారి వాడి పక్కన నిలబడి, దూదిచుట్టలు ఎందుకో వాడికి వివరించింది.

ఇంటికి వచ్చాక వాడు నన్నొక ప్రశ్న అడిగాడు. "మామయ్యా, ఆరోదాని వెనక ఏడోది ఎప్పుడు వస్తుంది?"

"సుమారు పన్నెండో ఏట. అదీ ఇట్లాగే చప్పుడు లేకుండా వస్తుంది," అన్నాను.

వాడు వేళ్ళమీద లెక్కవేసుకుని, లెక్కల నోటుబుక్కు చివరి అట్టమీద ఏదో రాసుకున్నాడు. చిట్టి కూడా చూసి రాసుకుంటానని పెన్సిలు అడుగుతున్నది.